నల్లమూత కింద బొట్టు

పసుపు మరక నీళ్ళకు పోదు, ఎండకే పోతుంది అనేది అమ్మ, కొంగు మీద పడినా గడప మీద పడినా ఎండలో పెట్టి ఊరుకోవే, అదే వెలిసిపోతుంది అనేది, మరి ఎండే తగలని చోట, నల్లమూత కింద, నూనెలో కలిపి పెట్టిన పసుపు ఎన్నాళ్ళుంటుందో అమ్మ చెప్పలేదు, అడగాల్సిన రోజొకటి వస్తుందని నాగేశ్వరి మాత్రం ఎప్పుడనుకుంది, అంతలో ఠప్పుమంది బండి, గోడ మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి, ఆమె చేతిలోని చెంబు తొణికి నీళ్ళు పాదాల మీద పడ్డాయి, బండి కిందనుంచి బయటికి చాచిన రెండు కాళ్ళు మాత్రం కదలలేదు, ఆ కాళ్ళు బైరాగి తాతవి, అరవై దాటిన మెకానిక్కువి, మడమలు పగిలి ఆ పగుళ్ళలో ఏళ్ళనాటి గ్రీజు ఇంకిపోయిన కాళ్ళు, ఇంకోపాలి రేసియ్యి బావూ అన్నాడాయన కిందనుంచి, స్టీరింగు దగ్గర కూర్చున్న రఘురాం, ఆమె మొగుడు, కాలితో తొక్కి వదిలాడు, ఠప్, ఠపాఠప్, సైలెన్సర్ గొట్టంలోంచి నల్లటి పొగ ముద్దలా ఊడిపడింది, టీ కొట్టు బల్ల మీద కూర్చున్న డ్రైవర్లలో ఎవడో, గురువులుదా, అన్నా, కాళీపూజ ఇంకా రానేలేదు, నీ బండి అప్పుడే టపాకాయలు కాలుస్తోందేం అని బెంగాలీలో అరిచాడు, అందరూ నవ్వారు, మావయ్య గురువులు నవ్వలేదు, లుంగీ ఎగ్గట్టి, చేతులు కట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు, షాలిమార్ గూడ్సు యార్డులో ముప్పై ఏళ్ళు బస్తాలెత్తి, రిటైరయ్యాక కొన్న టాక్సీ అది, కొడుకు చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచాడో లేదో గానీ దాని అద్దాలు రోజుకు రెండుసార్లు తుడుస్తాడు, ఇవాళ దాని వైపు చూడటానికే ఆయనకు తలవంపుగా ఉంది, ఆ తలవంపు ఎక్కడ పుట్టిందో ఈ భవానీపూర్ సందు మొత్తంలో నాగేశ్వరికి ఒక్కదానికే తెలుసు.

నిన్న దీపాలవేళకు రఘురాం ఇంటికి వచ్చినప్పుడు చొక్కా కాలరు చిరిగి ఉంది, ఏమయిందని అడిగితే గోడ వైపు చూస్తూ చెప్పాడు, హాజరా చౌరస్తా దగ్గర మెట్రో తవ్వకాల రేకుల పక్కనుంచి ఎర్రజెండాల ఊరేగింపు పోతోందట, దారి ఇద్దామని వేగం తగ్గించాడట, తగ్గించీ తగ్గించగానే బండి ఠప్పుమందట, ఒకటి కాదు మూడు, బోమా, బోమా, బాంబు అని ఎవరో కేక పెట్టారట, ఈ ఊళ్ళో ఆ మాట వింటే నిలబడేదెవరు, జనం చెల్లాచెదరైపోయారట, రోడ్డంతా చెప్పులు, ఒక ముసలాయన రేకులకు కొట్టుకుని మోకాలు చీల్చుకున్నాడట, సార్జెంటు వచ్చి కాలరు పట్టుకుని దింపాడట, సైలెన్సరు సార్, బాంబు కాదు సార్ అంటే వినలేదట, ఠాణాలో బెంచీ మీద నాలుగు గంటలు కూర్చోబెట్టి, డిక్కీ వెతికి, స్పేరు టైరు విప్పి, సీటు కింద గుడ్డలు కూడా దులిపి చూశారట, తెలిసినవాళ్ళు ఇద్దరు అటుగా పోతూ కిటికీలోంచి చూశారట, నాగేశ్వరి అన్నం పెట్టింది, అప్పుడు చెప్పాల్సింది, అప్పుడే, మాట నాలుక చివరిదాకా వచ్చింది, అతను కలిపిన ముద్ద కలిపినట్టే కంచంలో పెట్టి కూర్చున్నాడు, ఆమె నోరు తెరిచి, పులుసు పొయ్యమంటావా అని మాత్రం అడిగింది.

పొద్దున్నే మావయ్య యూనియన్ ఆఫీసుకు పోయాడు, శంకర్‌దాని వెంటబెట్టుకొచ్చాడు, ఈ టాక్సీ స్టాండులో ఎవరి బండి ఎక్కడ నిలబడాలో, ఎవరి పనిముట్ల పెట్టె ఏ గోడకు ఆనాలో చెప్పే మనిషి శంకర్‌దా, కళ్ళద్దాలు, భుజాన సంచీ, ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుని ముందు వినాలి కదా, రెండు పక్షాలూ వినాలి అంటున్నాడు, వినేదేటి శంకర్‌దా, బిశ్వకర్మ పూజకి నాలుగు రోజుల ముందే ఈ బైరాగిగాడు పాయింట్లు మార్సినాడు, కొత్తయ్యని సెప్పి పాతయ్య యేసేడు, కాపోతే మొన్నటిదాకా గుర్రంలా నడిసిన బండి ఇయ్యాల దగ్గుతాదేటి అన్నాడు మావయ్య, తెలుగూ బెంగాలీ కలిపి, బండి కిందనుంచి బైరాగి తాత, ఓరి గురువులూ, బస్తాలు మోసినోడివి బస్తాల సంగతి సెప్పు, ఇంజన్ సంగతి నాకొగ్గేయ్ అన్నాడు, ఒగ్గేసినందుకే గదరా నా కొడుకు ఠాణాలో కూకున్నాడు, పొద్దు గూకితే గ్లాసు పట్టుకునే సెయ్యి, స్క్రూడ్రైవరు ఎలా పట్టుకుంటాది అన్నాడు మావయ్య, ఆ మాట అబద్ధమని నాగేశ్వరికి తెలుసు, తాగుడు ఆయన మానేసి మూడేళ్ళయింది, మావయ్యకూ తెలుసు, కోపంలో నోటికొచ్చింది విసిరాడు, విసిరిన మాట డ్రైవర్ల చెవిన పడింది, ఒకడు ఇంకొకడి వైపు చూశాడు, అంతే, ఇరవై రెండేళ్ళుగా ఆ గోడ పక్కన కూర్చుని ఈ స్టాండులోని ప్రతి బండీ విప్పి బిగించిన మనిషి, రేపట్నుంచి ఒక్క డ్రైవరు ఆయన చేతికి తాళం ఇవ్వకపోతే, శంకర్‌దా పెట్టె తియ్యమంటే, ఎక్కడికి పోతాడు, టికియాపారాలో కూతురి గదిలో ఒక మూల, ఆ మూలలో పగలంతా కూర్చుని ఏం చేస్తాడు, నాగేశ్వరి ఒక అడుగు ముందుకేసింది, చెంబు కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

ఇటు రా పిల్లా అన్నాడు తాత బండి కిందనుంచి లేచి, సబ్బు కలిపినావా నీళ్ళలో, కలిపాను తాతా, అయితే ఈ గొట్టం ఇంజన్‌కి అతికేచోట రాయి, నీ కళ్ళు మంచివి, బుడగ లేస్తే సెప్పు, అని తను గుడ్డ పీలిక ఉండచుట్టి సైలెన్సరు మూతికి అదిమి పట్టాడు, పొగకి దారి మూసేస్తే చిల్లు ఉన్నచోట బుసకొడతాది అని ఎవరికో కాదు ఆమెకే చెప్పాడు, ఎప్పుడూ ఆమెకే చెబుతాడు, పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో బెంగాలీ రాక, ఎవరితోనూ మాట్లాడలేక, గుమ్మంలో కూర్చుని ఆమె చూసిందల్లా ఈయన పనే, గంటలు గంటలు చూసేది, ఒకరోజు తలెత్తి, ఏ ఊరు పిల్లా మీది అన్నాడు, టెక్కలి పక్క అంది, ఓలమ్మ, మా అమ్మది ఆ పక్కే అన్నాడు, ఆ రోజు నుంచి ఏది విప్పినా చూపించేవాడు, మొన్న కొత్త పాయింట్లు వేసినప్పుడూ అంతే, రెండు క్లిప్పులు ఎడం కుడీ వత్తి నల్లమూత ఊడదీసి, ఇదిగో సూడు, ఇదీ దీని గుండెకాయ, ఈ రెండు ముక్కలూ తగిలి ఇడిపోతాయి, తగిలి ఇడిపోతాయి, ఇడిపోయినప్పుడల్లా ఒక నిప్పు, ఆ నిప్పుతోనే బండి నడక, మిగతాదంతా రేకు అన్నాడు, ఆమె వంగి చూసింది, వేలి గోరంత చోటు, ఇంత పెద్ద బండికి పని జరిగేది అంత చిన్నచోటా అని ఆశ్చర్యపోయింది, ఆ ఆశ్చర్యంలోంచే వచ్చింది ముప్పంతా, ఇంటి దగ్గర ఆయుధపూజకి అమ్మ బొట్టు పైపైన పెట్టేది కాదు, కొడవలికి పిడి మీద కాదు, పళ్ళ మీద, రోకలికి పొన్ను మీద, నాన్న కుట్టుమిషనుకి బల్ల మీద కాదు, సూది దిగేచోట, పని ఎక్కడ జరుగుతుందో అక్కడ పెట్టాలే బొట్టు, పక్కన పెడితే పక్కవాళ్ళకే పోతుంది ఫలం అనేది, నువ్వులనూనెలో రంగరించిన పసుపు, మీద కుంకం, మొన్న ఇక్కడివాళ్ళ ఆయుధపూజ, బిశ్వకర్మ పూజ నాడు పొద్దున్న మేడలన్నిటి మీదా గాలిపటాలు లేచాయి, స్టాండులో ఏనుగు మీద కూర్చున్న బొమ్మకి దండ వేశారు, అందరూ బండ్లు కడిగి ముందు అద్దం మీదా బానెట్టు మీదా బొట్లు పెట్టారు, ఆమె చూసింది, లోపల నవ్వుకుంది, వీళ్ళకి ఎక్కడ పెట్టాలో తెలియదు అనుకుంది, మావయ్య దండ తేవడానికి పోయాడు, రఘురాం స్నానానికి పోయాడు, ఆమె బానెట్టు ఎత్తి, రెండు క్లిప్పులూ వత్తి, మూత తీసి, ఉంగరం వేలితో, సరిగ్గా ఆ రెండు ముక్కలూ కలిసేచోటుకి ఆనించి పెట్టింది, దణ్ణం పెట్టుకుంది, మూత బిగించేసింది, ఆ రోజంతా తనకి మాత్రమే తెలిసిన మంచి పని ఏదో చేసినట్టు ఒళ్ళు తేలికగా ఉంది, ఇప్పుడా గర్వం గుర్తొస్తే చెవులు వేడెక్కుతున్నాయి, బుడగలు లేచాయా పిల్లా అన్నాడు తాత, లేవలేదు తాతా, ఏటీ, ఒక్కటీ లేవలేదా, లేదు.

అయితే చిల్లు కాదు అన్నాడు తాత, చేతులు తుడుచుకుంటూ, సైలెన్సరు బాగుంది, అతుకు బాగుంది, సూడు గురువులూ, పేలేది సైలెన్సర్లోనే గానీ జబ్బు సైలెన్సరుది కాదు, కాలాల్సినచోట కాలని పెట్రోలు కిందికి దిగి, గొట్టం వేడికి అక్కడ అంటుకుంటన్నాది, మరి ఎందుకు కాలలేదు, నిప్పు సరిగా పడక, అని బండిని అలాగే నడవనిచ్చి ప్లగ్గుల తీగలు ఒక్కొక్కటీ ఊడదీసి పెట్టడం మొదలుపెట్టాడు, ఒకటి తీస్తే ఇంజను కుంటుతుంది, పెడితే లేస్తుంది, రెండోది, అంతే, మూడు, నాలుగు, ఆమె కూడా వింటోంది, వినకుండా ఉండలేదు, నాలుగూ ఒకేలాగ కుంటుతున్నాయి, అంటే ఏ ఒక్కదాని తప్పూ కాదు, ఆయన చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది, నాలుగింటికీ ఒకటే జబ్బంటే నాలుగింటికీ నిప్పు పంచేచోటే ఉండాల అన్నాడు తాత తనలో తను, ఆయన చెయ్యి నల్లమూత వైపు పోతోంది, ఒక్కొక్క దారీ వెతికి, ఇది కాదు, ఇది కాదు అని పక్కన పెట్టుకుంటూ ఆమె వేలు పెట్టిన చోటికే నడిచి వస్తున్నాడు, ఇంకా టైముంది, ఇప్పుడు చెప్పినా చెప్పినట్టే, నోరు తెరువు, తెరవవే, ఐదో తరగతిలోనూ ఇంతే, బళ్ళో ఉన్న ఒక్క గ్లోబు, తుడుస్తుంటే తన చేతిలోంచి జారి దాని స్టాండు విరిగింది, ఎవరు చేశారని మేస్టారు అడిగితే తను తల దించుకుంది, వాగుడుకాయ నరసమ్మ వైపు చూశాడాయన, అల్లరిదాన్ని వదిలి ఇంకెవర్ని అనుమానిస్తారు, నరసమ్మ నేను కాదు సార్ అంటూనే గులకరాళ్ళ మీద మోకాళ్ళేసింది, ఎండలో, బడి విడిచేదాకా, మేస్టారు ఆ పూటే అన్నాడు, నాగేశ్వరిని చూడండర్రా, నోట్లో నాలుక లేదు, నెమ్మదస్తురాలంటే అలా ఉండాలి అని, ఆ పొగడ్త ఆమె ఇంటికి పోయి అమ్మతో చెప్పుకోలేదు, చెప్పుకోకపోయినా అది ఊరంతా పాకింది, పెళ్ళిచూపుల్లో మావయ్యకి అందరూ చెప్పిందీ ఆ మాటే, పిల్ల నెమ్మదస్తురాలు, క్లిప్పులు టక్కుమన్నాయి, ఎడమది, కుడిది.

తాత మూత ఎత్తి లోపలికి చూశాడు, చూస్తూనే ఉండిపోయాడు, ఇంజను ఆగిన సందులో టీ కొట్టు పంపు స్టవ్వు బుస తప్ప చప్పుడు లేదు, ఆయన బొటనవేలు లోపలికి పెట్టి తీశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, ఆ వేలి మీద మసిలో కలిసిపోయిన పసుపు ఆమెకి నిలబడిన చోటినుంచే కనబడింది, తాత తల పూర్తిగా తిప్పలేదు, కళ్ళు మాత్రం ఎత్తి ఒక్కసారి ఆమె వైపు చూశాడు, కోపం లేదు అందులో, ఆశ్చర్యం కూడా లేదు, అయ్యో అనే చూపు అంతే, వెంటనే కొంచెం పక్కకి జరిగి వీపు అడ్డం పెట్టాడు, మావయ్యకీ శంకర్‌దాకీ కనబడకుండా, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచాడు, సన్నటి గరుకు కాగితం మడిచి రెండు ముక్కల మధ్య పెట్టి అటూ ఇటూ లాగాడు, మళ్ళీ తుడిచాడు, పల్చటి రేకు పెట్టి సందు సరిచూసుకున్నాడు, మూత పెట్టాడు, ఇప్పుడు కొట్టు బావూ అన్నాడు, రఘురాం తాళం తిప్పాడు, బండి అందుకుంది, తొక్కి వదిలాడు, ఏమీ లేదు, ఇంకా గట్టిగా తొక్కి వదిలాడు, గుర్ మని సాఫీగా దిగింది, అంతే, పావురాలు కదలలేదు, ఏటయినాదిరా అన్నాడు మావయ్య, తాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేల వైపు చూసి, నాదే తప్పు గురువులూ అన్నాడు, పాయింట్ల సందు సరిగ్గా పెట్టలేదు నాను, ముసిలి కళ్ళు, ఆనలేదు అని ఒప్పుకున్నాడు, సూసినారా, సూసినారా శంకర్‌దా అని మావయ్య చేతులు తిప్పాడు, శంకర్‌దా కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు, బైరాగిదా, నిన్ను అవమానించాలని కాదు, కానీ జనం ప్రాణాల విషయం, వయసు కూడా అయింది, విశ్రాంతి తీసుకోరాదూ, ఆ చోటు ఇంకెవరికైనా చూస్తాం అన్నాడు, మెత్తగానే అన్నాడు, డ్రైవర్లలో ఒక్కడూ ఆయన తరఫున మాట్లాడలేదు, టపాకాయల జోకు వేసినవాడు కూడా గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

తప్పించుకున్నాను, అని మొట్టమొదట అనుకుంది నాగేశ్వరి, ఆ మాట తన లోపలినుంచే వచ్చింది, ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడింది, ఎండన పడి వచ్చి గడప లోపల కాలు పెట్టినట్టు, ఇంత హాయిగా ఉందేమిటి నాకు అనుకుంది, ఆ హాయిని చూసుకునేసరికి తన మీద తనకే రోత పుట్టింది, అటు తాత గోడ దగ్గర గొంతుక్కూర్చుని స్పానర్లు ఒక్కొక్కటీ తుడిచి, పెద్దవి కింద, చిన్నవి పైన, పెట్టెలో సర్దుకుంటున్నాడు, రోజూ పని అయ్యాక సర్దుకున్నట్టే, తొందరేమీ లేదు, తాతా నోరు మూసుకున్నాడు, నేనూ నోరు మూసుకున్నాను, పైకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, చూసినవాళ్ళు ఇద్దర్నీ నెమ్మదస్తులనే అంటారు, కానీ ఆయన నోరు మూసుకుంటే బరువు వచ్చి ఆయన నెత్తినే పడింది, నేను నోరు మూసుకున్నప్పుడల్లా అది ఇంకొకళ్ళని వెతుక్కుంటూ పోయింది, నరసమ్మ మోకాళ్ళ మీదికి, రఘురాం కాలరు మీదికి, ఇప్పుడు ఈ ముసలాయన మీదికి, దీనికి ఇంతమంది ఇన్నేళ్ళు నెమ్మది అని పేరు పెడితే నేనూ నమ్మేశాను, భయం ఇది, ఒట్టి పిరికితనం, ఇది నా మంచి గుణం అని చెప్పే కదా నన్ను ఈ ఇంటికి తెచ్చారు, కాళ్ళు నడిచాయి, ఆమె పంపిస్తే కాదు, అవే నడిచాయి, బల్ల ముందు నిలబడింది, ఇంతమంది మగవాళ్ళ మధ్య ఆమె గొంతు ఎప్పుడూ వినబడనిది, దాదా, ఆమి కొరేచి, నేనే చేశాను అంది వచ్చీరాని బెంగాలీలో, ఏమిటమ్మా అన్నాడు శంకర్‌దా, ఆ తర్వాత బెంగాలీ అందలేదు, మావయ్య వైపు తిరిగి తెలుగులో చెప్పేసింది, పూజనాడు నేనే మూత తీసి లోపల పసుపు బొట్టు పెట్టాను మావయ్యా, నూనె కలిపి పెట్టాను, ఆ పాయింట్లు కొత్తవే, తాత తప్పేం లేదు, ఒగ్గేయ్ పిల్లా, ఏటి మాటలయ్యి అన్నాడు తాత గోడ దగ్గరనుంచి, ఒగ్గను తాతా అంది, బెంగాలీ డ్రైవర్లకు ఎవరో చెప్పారు, బోవుమా, గురువులుదా కోడలు, ఇంజన్‌కి పసుపు పెట్టిందట, ఒక క్షణం ఎవరికీ అర్థంకాలేదు, తర్వాత ఒకడు ఫక్కుమన్నాడు, తర్వాత అందరూ, గొంతులో టీ అడ్డంపడి దగ్గేవాడు దగ్గుతున్నాడు, అయితే పెళ్ళి కూడా చేసెయ్యమ్మా బండికి అంటున్నాడొకడు, శంకర్‌దా కూడా నవ్వి, పెట్టె ఎక్కడిదక్కడే ఉంచు బైరాగిదా అని లేచి సంచీ తగిలించుకున్నాడు, మావయ్య తాత దగ్గరకు పోయి నిలబడ్డాడు, గ్లాసని అన్నాను గదరా అని మాత్రం అన్నాడు, అన్నావులే, ఎల్లు అన్నాడు తాత, రఘురాం బండి దిగి ఆమె ఎదుటికి వచ్చాడు, నవ్వడం లేదు, నిన్న నేను సెప్తన్నప్పుడు నీకు తెలుసా అని మెల్లగా అడిగాడు, అనుమానం ఉంది అంది, అనేసరికి అదీ సగం దాచడమేనని తోచింది, తెలుసు అంది, అతను తల ఊపాడు, క్షమించినట్టు కాదు, విన్నట్టు, చిరిగిన కాలరు చేత్తో సర్దుకుని బండి వైపు తిరిగిపోయాడు, అతను మళ్ళీ తనతో ఎప్పుడు మామూలుగా మాట్లాడతాడో ఆమెకు తెలియదు, ముఖం మండిపోతోంది, నవ్వు ఇంకా ఆగలేదు, చెప్పేస్తే సిగ్గు పోతుందని ఎందుకనుకుందో, పోలేదు, ఇంకా పెరిగింది, కాకపోతే అది ఇప్పుడు తన సిగ్గే, తన ఒంటి మీదే ఉంది, తనకు బదులు దాన్ని ఇంకెవరూ మొయ్యడం లేదు.